రెండంతస్తుల పేరు

అశోక్‌నగర్ గల్లీల నా జిరాక్స్ దుకాణం.
పొద్దటి సంది రాత్రి పదింటి దాక
గ్రూప్స్ రాసే పిల్లల నోట్సు
వెచ్చవెచ్చగ ట్రేల పడుతుంటది.
అక్షరం మీద బతికేటోణ్ణి నేను.
కాపీకి రూపాయిన్నర.

నా బిడ్డకు అక్షరం నిలవది.
మ రాయబోతే య అయితది,
ఘ, ఝ ఒక్క తీరే కనపడ్తయి.
"చీమల బారును ఎవరో ఊదినట్టుంటది నాయినా" అన్నది
ఏడో తరగతిల, జ్వరం కాసిన రాత్రి.
అప్పటిదాక బద్ధకం అనుకున్న.
అనుకొని ఊకోలేదు, స్కేలు గూడ ఎత్తిన.
ఆ ముచ్చట ఇక్కడ రాసుకుంటున్న,
ఏ ఫారంల అడగరు గనక.

తొమ్మిదో తరగతికి బడి వెతుకుడు
ఫిబ్రవరిల మొదలైంది.
దిల్‌సుఖ్‌నగర్ల రిసెప్షన్ చల్లగ ఉన్నది,
గోడ నిండ ర్యాంకుల మొకాలు.
"ఫౌండేషన్ బ్యాచ్‌ల కూసోగలదా?" అన్నడు టై కట్టిన పిలగాడు.
"కుర్చీ ఉంటె కూసుంటది" అన్న.
వాడు నవ్వలేదు.

నల్లకుంటల ప్రిన్సిపాల్ మంచోడే, చాయ్ పోయించిండు.
"తీసుకుంటం గాని
పదో తరగతి పరీక్ష మా బడి పేరు మీద రాయొద్దు.
రిజల్టు శాతం, మీకు తెల్వంది కాదు."
చాయ్ సగంల ఆపిన.

తార్నాకల స్పెషల్ స్కూల్ మేడమ్
ఫైలంత తిప్పి, కండ్లద్దాలు తీసి
"ఈమెకు మా అవసరం లేదు, మామూలు బడికి పొండి" అన్నది.
మామూలు బడే మమ్మల్ని తార్నాకకు పొమ్మన్నది.
నడుమ ఒక బస్‌స్టాప్ ఉన్నది.
అక్కడ నేను, బిడ్డ, మిర్చిబజ్జీల పొట్లం.
పొట్లం కాయితం ఎవరిదో జవాబు పత్రం.
"ఎన్ని మార్కులు వచ్చినయి వాళ్ళకు?"
"ఎనభై ఆరు."
"నూనె బాగ పీల్చింది" అన్నది, ఏళ్ళు తుడుచుకుంట.

సర్టిఫికెట్ ఒకటి ఉన్నది,
దవాఖానల మూడు బుధవారాలు నిలబడి తెచ్చిన.
ఇప్పటికి నలభై ఒక్క కాపీలు తీసిన.
ఒకనాడు మిషన్ చప్పుడు విని, పేజీ చూడకుండనే
"డ్రమ్ము పోయింది నాయినా" అన్నది.
మెకానిక్ వచ్చి అదే మాట చెప్పి
ఆరొందలు తీసుకున్నడు.

వాళ్ళమ్మ సువర్చల లెక్క వేరే.
"ఇంటికాడ ఓపెన్‌ల కట్టిద్దాం,
రోజూ సచ్చి బతుకుడు ఎందుకు దానికి?"
నేను ఎదురు చెప్పలేదు.
నిద్ర గూడ పట్టలేదు.

ఏప్రిల్ ఆఖర్ల, మౌలాలి అవతల,
రైల్వే గోడ పక్కన చిన్న బడి.
గేటు మీద పేరు సగం ఊడిపోయి ఉన్నది.
బిడ్డకు అదే నచ్చింది.
టీచర్ నన్నేం అడగలేదు.
"నువ్వేమన్న అడుగుతవా?" అన్నది దాన్ని.
ఫ్యాను చాలసేపు తిరిగింది.
"అందరి ముంగట లేపి చదవమంటరా?"
"నువ్వు చదువుతనంటే తప్ప అనం.
పరీక్షల నువ్వు చెప్తె రాసేటోళ్ళు ఉంటరు.
లెక్కలు మాత్రం కష్టమే, మా సారు ఉరుకుతడు."
మూడు నెలల్ల
కష్టమని ఒప్పుకున్నోళ్ళు ఈమె ఒక్కతే.

ఫీజు మాకు ఎక్కువ. రెండు బస్సులు మారాలె.
ఒక్క ఏడు చూద్దామన్నరు వాళ్ళు.
మేము గూడ అదే అన్నం.

ఫారం బిడ్డ చేతికే ఇచ్చింది.
మా అమ్మ ముచ్చటపడి పెట్టిన పేరు, జ్యోత్స్న.
జ కింద య ఒకటి సరే,
త కింద స, ఆ కింద మళ్ళ న,
రెండంతస్తులు దిగాలె.
ఉయ్యాల్ల వేసిన్నాడు ఎవరికి తెల్సు
ఆ మెట్ల మీద పిల్ల పదేండ్లు జారిపడ్తదని.

నాలుక కొస పంటి కింద పెట్టి, వత్తి రాసింది:
జోస్న.

నా జేబుల వైట్‌నర్ ఉన్నది, దుకాణం అలవాటు.
చెయ్యి దాని దాక పోయింది.
ఇంట్ల మేమందరం పిలిచేది అదే గదా.

టీచర్ ఫారం అందుకొని పైకే చదివింది:
"జోస్న."
"ఆఁ మేడమ్" అన్నది నా బిడ్డ.