నమూనా ముక్క

పొద్దుగాల నాలుగున్నరకు పంపు గది తాళం తీస్త.
పైపులు గొంతు సవరించుకుంటయ్,
ఎన్కనే వాసన: కొంచెం సబ్బు, కొంచెం మురుగు.
షార్జాల ఎవరు ముఖం కడుక్కున్నా,
మసీదుల వజూ చేసినా,
మా క్యాంపుల పదకొండు మందిమి ఒక్క నల్లా కింద
వంతులేసుకొని తానం చేసినా
ఆ నీళ్లన్ని శుద్ధయి ఈడికే వస్తయ్.
అందరి తానం తాగి బతికే గడ్డి ఇది.
అందుకేనేమో, ఎవలొచ్చి కూసున్నా ఏమనది.

బుధవారం ఇంజినీర్ వాయెల్ వచ్చి
పదడుగుల ప్లాస్టిక్ ముక్క ఒకటి పరిపిచ్చిండు.
పరిచింది నేనూ సాయిలూ.
అంచులకు మేకులు కొట్టి
బ్రష్షుతోని పోచలు నిలబెట్టినం.
"నీళ్లొద్దు, కోతొద్దు, ఏడాదంత పచ్చగ" అన్నడు.
సాయిలు నా చెవుల అన్నడు:
"నీళ్లొద్దు, కోతొద్దంటే మనమూ వద్దనే గదనే."
ఎనిమిది మందిమి ఉన్నం.
దానికి చీపురొక్కటి చాలు.

మా దిక్కు తప్పు చేసినోణ్ణి గడ్డి తిన్నవా అంటరు.
ఈ గడ్డికైతే మేక గూడ మూతి తిప్పుకుంటది.

శుక్రవారం కాయితం తిరిగింది.
మందుల దుకాణం షైనీ ఇంగ్లీషుల రాసింది,
ఉమ్ సుహైల్ మనుమడు అరబ్బీల.
రాత్రి డ్యూటీ దిగి గాఫ్ చెట్టు కింద పండుకునే
టాక్సీ గుల్ జమాన్ లేచి సంతకం పెట్టి మళ్ల ఒరిగిండు
(గాఫ్ అంటే మన జమ్మే.
తెలిసిన రోజు దాన్ని పట్టుకొని ఊకె నిలబడ్డ).
రొవీనా తన పేరు రాసి,
తను చూసుకునే పిల్లగాని బొటనవేలికి
లిప్‌స్టిక్ పూసి అద్దిచ్చింది.
నూటపన్నెండైనయ్.
నా దాక వచ్చింది.
నా అంగీ వెనుక కంపెనీ పేరుంది.
పెన్ను మూత తీసిన,
పెట్టి ఇచ్చేసిన.
ఎవ్వరేమనలే. గదే ఎక్కువ తాకింది.

శనివారం పగటీలి ఒంటిగంట.
జూన్ వస్తేగాని మధ్యాహ్నపు విరామం లేదు మాకు.
మున్సిపాలిటీ నుంచి ఇద్దరు, వాయెల్,
బూట్లతోని ముక్క మీద నిలబడి బాగుందంటున్నరు.
ఉమ్ సుహైల్ కర్రతోని వచ్చింది.
చెప్పులు గేటు కాడ విడిచి
తడిగడ్డి మీదంగ మెల్లగ నడిచి
ముక్క అంచుకు ఆగి, నా దిక్కు చూసింది.
"బూమాయా. షీల్ జూతీ."
సగం అరబ్బీ, సగం ఉర్దూ.
నా పేరుల భూమి ఆమె నోట్లె ఎన్నడు తిరగదు.

బూట్లు విడిచిన. మేజోళ్లు విడిచిన.
తొమ్మిదేండ్ల సంది ఈ దేశంల
మంది ముందట ఒట్టికాళ్లతోని నిలబడలే.
కాలు పెట్టిన.

పెట్టిన అనుడే గని నిలువలే.
ఎడమది దానంతటదే లేచింది, ఎన్కనే కుడిది,
పెనం మీద నీటిబొట్టోలె ఎగిరి
పక్కన గడ్డిల పడ్డ.
పిల్లలు నవ్విన్రు. సాయిలు మూతి మూసుకున్నడు.
మున్సిపాలిటాయన వంగి అరచెయ్యి ఆనిచ్చి
గబుక్కున తీసి జేబుల దాసుకున్నడు,
ఏదో దొంగిలిచ్చినట్టు.

కంపెనీ పేరు అంగీ మీదనే ఉంది,
అరికాళ్ల మీద లేదు.

తీర్పింక రాలే. చూస్తున్నం అన్నరట.
నమూనా ముక్కనైతే పీకేసినం.
కింద గడ్డి పాలిపోయి, తడితడిగ,
కట్టు విప్పిన చెయ్యి తీరుగ పండుకొని ఉంది.
తెచ్చిన చుట్టలు పంపు గది ఎన్క పడున్నయ్.
ఒకదాంట్లె పిల్లి ఈనింది, మూడు పిల్లలు.
కండ్లు తెరిచేదాక కదిలియ్యొద్దన్నడు వాయెల్.
గా మాట ఆయన నోట్లెకెళ్లి వస్తదనుకోలే.

రోజూ వంతు నీళ్లయినంక
ఆ పాలిపోయిన చదరం దిక్కు పైపు తిప్పి
ఇంకో ఐదు నిమిషాలు పట్టుకుంట.
సాయిలు చూస్తడు, అడగడు.
అండ్ల మొన్న నేను తానం చేసిన నీళ్లు గూడ
ఉన్నయేమో.