రెండు గుంటలు

బెంగళూరు కంపెనీ దేశానికి మూడు పందేలు అడిగింది.
పందేనికి ఎనిమిదొందలు.
నలభై నిమిషాల్లో తేలిపోవాల,
కెమెరాకు ఇంపుగా కనపడాల,
ఎవురో ఒకరు ఏడిస్తే మరీ మంచిది.

నేను గుంతకల్లు దాటి పోయింది రెండేసార్లు.
ఉరవకొండలో, సైకిల్ షాపు మీది గదిలో
గోడకు అంటించిన ఆఫ్రికా
ఒక మూల లేచి కొట్టుకుంటా ఉంటాది,
మొరాకో వైపు మూల.
మిగిలిన రాగిసంగటి చిటికెడు తీసి
మళ్ళీ అతికిస్తా.

సెనెగల్‌కు శెనక్కాయలు రాసినా.
జట్టుకో మూట, చేత్తోనే ఒలవాల.
ఎంతసేపు పడతాదో తెలీక
మెట్ల కింద ఉడకేసిన కాయలమ్మే మాబున్నిని అడిగి
ఫోన్లో గడియారం నొక్కినా.
అరసేరు గింజలకు ఇరవై ఆరు నిమిషాలు,
మధ్యలో ముగ్గురికి పొట్లాలు కట్టి,
చిల్లర లేదన్నోన్ని ఒకన్ని తిట్టి.
వచ్చేటోళ్ళకు మూడింతలు వేసుకున్నా.
"గోళ్ళు పోతాయి పాపం" అనింది.

కంపెనీ కొట్టేసింది.
దీంట్లో ఆఫ్రికా యాడుంది?
సింహాలు చూడు, మంటలు చూడు, డప్పులు.
మా వంక చేలల్లో ఉన్నంత ఉంది
అని జవాబు రాసి, చెరిపేసినా.

ఘానా వంతు వచ్చింది.
ఒవారే అని ఒక ఆట.
చెక్కలో పన్నెండు గుంటలు, గుంటకు నాలుగు గింజలు,
తీసి పంచుకుంటా పోయేది.
చదవతా చదవతా లేచి నిలబడినా.

పొద్దు గుంకినాక మాబున్ని గంప బోర్లించి
వామనగుంటల చెక్క తీసింది. పద్నాలుగు.
లెక్క కుదరాలని చివరి రెండిట్లో
గుడ్డపేలికలు కుక్కినా.
నియమాలు చదివి చెప్పబోతే
"ఉండు, గింజే చెప్తాది" అనింది.
ఎనిమిది నిమిషాల్లో నా పక్కంతా ఊడ్చేసింది.
రెండోసారి ఆరు.
కరెంటు పోయింది, వచ్చింది.
మూడోసారి తనే నన్ను గెలవనిచ్చిందని
మెట్లెక్కినాక గానీ తెలీలేదు.

"ఆ రెండు గుంటలు వాళ్ళు పూడ్చుకున్నారా,
మనమే ఎక్కువ తవ్వుకున్నామా?"

ఏ ఓడలో, ఎవురి కొంగుముడిలో
యా దిక్కునుంచి యా దిక్కుకు పోయిందో
నా కాగితాల్లో లేదు.
గోడమీది ఆఫ్రికాను పట్టుకోనున్న రాగి మాత్రం
ఆడినుంచే వచ్చిందని
వ్యవసాయాఫీసు తిప్పేస్వామి ఒకసారి చెప్పినాడు.
పాస్‌పోర్టు లేదు, క్లూ లేదు,
ఎన్నాళ్ళకు చేరిందో
ఎవురూ గడియారం నొక్కలేదు.

"సరే, ఆడికి పోయినోళ్ళు ఎవురితో ఆడతారు?"
కాగితం చూసినా.
స్థానిక వృద్ధుడు, ఒకరు.
"పేరు?"
రాయలేదు.
సింహాలకైతే పార్కు పేరుతో సహా రాసింటి.
"పేరు లేనోనితో ఎట్ల ఆడతార్రా?
గెలిస్తే ఎవురి మీద గెలిచినట్టు?"

వెతికినా.
ఆ పక్క పుట్టిన వారాన్ని బట్టి పేరంట.
శుక్రవారం పుట్టినోడు కోఫీ.
ఆమె గింజలు ఎంచడం ఆపింది.
"నేనూ జుమ్మానాడే పుట్టింది.
నమాజుకు పోయినోళ్ళు తిరిగి రాకముందే, అని
మా అమ్మ చెప్పేది."
అయితే ఆడ నీ పేరు అఫువా.
అఫువా, అని నోట్లో ఒకసారి తిప్పింది,
కాయ ఉడికిందో లేదో చూసినట్టు.
ఏమీ అనలేదు.

రాత్రి మార్చి రాసినా.
కోఫీ. డెబ్బై ఏండ్లు. తొందర లేదు.
ఆయన చాలన్నప్పుడే క్లూ.
నిమిషాల గడి ఖాళీగా వదిలేసినా.
ఇదీ కొట్టేస్తారు, ఎనిమిదొందలు పోతాయి.

పంపే ముందు కిందికి తొంగి చూస్తే
వీధిలైటు కింద మాబున్ని ఒక్కతే కూర్చోనుంది,
పేలికలు పీకేసి
ఆ రెండు గుంటల్లో
ఐదేసి గింజలు పోస్తా.