గరీబ్

ఛత్తా బజార్‌ల పెండ్లిపత్రికల దుకాణం.
తెలుగు తప్పులు నేను దిద్దుత,
ఉర్దూ కాతిబ్ ముస్తజాబ్ సాబ్ రాస్తడు.
కలం ఆయన చేతిలనూ కలమే, నా చేతిలనూ కలమే.

మొన్న వానల యెమెన్ ముసలాయన వచ్చిండు.
కొడుకు దవాఖాన్ల ఉన్నడు, రిపోర్టులు జిరాక్సు కావాలె.
ఎవరు నువ్వంటే ఛాతి మీద చెయ్యి పెట్టి
"గరీబ్" అన్నడు.
పైసలల్ల సగం వాపసిచ్చిన.

సాబ్ మిషిన్ చప్పుడుల గూడ వినపడేటట్టు నవ్విండు:
"పైసల్లేవనలే బేటా, పరాయోణ్ణి అన్నడు.
అరబ్బీల గరీబంటే ఊరు విడిచినోడు.
ఇక్కడిదాంక నడిచొచ్చేటాలకు
ఆ మాటకు జేబు ఖాళీ అయింది."

జేబు అరబ్బీదే, ఖాళీ అరబ్బీదే,
మళ్ళ తనే యాది చేసుకొని
దస్తీతోని కండ్లద్దాలు తుడుచుకుండు.

ముసాఫిరంటె మనకు ఇంక తొవ్వల ఉన్నోడు;
తుర్కీల, ఇంటికొచ్చిన సుట్టమట.
తమాషా అరబ్బుల కాళ్లల్ల నడక,
ఫార్సీల కండ్లముందటి చూపు,
మా అమ్మ నోట్లె
పొద్దువోయి ఇల్లు జేరినప్పటి తిట్టు:
"ఏందిర, తమాషలా?"

ముసలాయనకు ఇదంత సమజ్ కాలే.
తడిసిన కాగితాలు ఒక్కొక్కటి ఊదుకుంట నిలవడ్డడు.
నేను కుర్సీ జరిపి
"కుర్సీ" అన్న.
కూసున్నడు.

వాపసిచ్చిన నోటు ఆయన తీస్కోలే,
నేనూ తీస్కోలే.
ఫ్యాను గాలికి లేస్తుంటె
సాబ్ దాని మీద దవాతు పెట్టిండు.