కొలతల పుస్తకం

వించెస్టర్‌లో ఆ రెండేళ్ళూ
తెల్లారి ఏ జెండా ఎగురుతోందో చూశాకే
పొయ్యి రాజేసేవాళ్ళం.
నీలం కోట్లొస్తే కోళ్ళు పోయేవి.
బూడిదరంగు కోట్లొస్తే
కోళ్ళగూటి కర్రలు పోయేవి.

నా పేరు కెజాయా పర్డమ్. బట్టలు కుడతాను.
మొగుణ్ణి మొదటి వేసవే మింగేసింది.
ఏ పక్షాన పోయాడని అడక్కండి,
రక్తవిరేచనాలకి పక్షం లేదు.

ఉప్పు కరువు.
ఇరవయ్యేళ్ళు పందిమాంసం కారిన పొగగది నేల తవ్వి
ఆ మట్టిని మరిగించి, వడగట్టి
మురికి ఉప్పు పిడికెడు తీసేదాన్ని.
రేపెవరైనా, ఎవరి ఉప్పు తిన్నావే అని నిలదీస్తే
నా నేలదే అంటాను.

కొలతల పుస్తకంలో
ఛాతీ ముప్పై ఎనిమిదంటే బళ్ళు ముప్పై ఎనిమిది.
చెయ్యి అంటే ఫిరంగులు.
మెడ అంటే గుర్రాలు, వందల్లో.
నడుము దగ్గర చిన్న గీత: ఏ దారిన వెళ్తున్నారో.
మంగళవారాలు గుడ్లమ్మే డార్కస్ వచ్చి
ఆ కాగితం బుట్ట అడుగున గడ్డిలో పెట్టుకునేది.
పట్టుబడితే నన్ను జైల్లో వేస్తారు,
నల్లపిల్ల గనక ఆమెను అమ్మేస్తారు.
ఆ తేడా గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.
గుడ్లు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టేవాళ్ళం.

నవంబరులో ఒక సిపాయి. ఆన్సెల్ టక్ అట.
జార్జియా యాస. బూడిదరంగు కోటు చంకలో చిరిగింది.
విప్పమన్నాను.
ఒంటిమీదే కుట్టమన్నాడు.
బిగుతెంతో చూద్దామని టేపు చుట్టూ తిప్పాను.
గుడ్డ కింద గుడ్డ, దాని కింద
ఊపిరాడనంత బిగించిన ఇంకో గుడ్డ.
పదమూడేళ్ళు ఆడవాళ్ళ గౌన్లు కుట్టిన వేళ్ళివి,
నాకన్నా ముందు వాటికే తెలిసిపోయింది.

బయట ఎవరో గుర్రాన్ని బూతులు తిడుతున్నారు.
టేపు ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఎంత?" అంది. గొంతు ఇంకా మగాడిదే.
"ముప్పై నాలుగు," అన్నాను.
ఆమె అడిగింది కూలి.

నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వలేదు.
నల్లదారం అయిపోతే గోధుమరంగు దారంతో కుట్టాను.
వెళ్ళేటప్పుడు మెత్తని పాతగుడ్డల మూట చేతిలో పెట్టి
అతుకులకు పనికొస్తాయన్నాను.
నెలకోసారి ఏ పొదచాటున
ఏం తంటాలు పడుతోందో ఎవరికి తెలుసు.
బల్లమీద నాలుగు ఎండు ఆపిల్ ముక్కలు పెట్టి పోయింది.

ఆ రాత్రి అన్నీ రాశాను.
బళ్ళు, ఫిరంగులు, జోళ్ళు లేని పాదాలెన్నో కూడా.
ముప్పై నాలుగు రాయలేదు.
అదేదో మేలు చేసినట్టు
కాసేపు హాయిగా కూడా అనిపించింది.
తర్వాత తట్టింది:
నేను లెక్కకట్టిన ఆ బళ్ళ వెనకే కదా
ఆమె నడిచేది.
కాగితం అప్పటికే మడిచేశాను.
డార్కస్ తీసుకెళ్ళింది.

ఏప్రిల్లో ఆ కోటు మళ్ళీ వచ్చింది.
లోపల ఇంకెవరో కుర్రాడు. మూతిమీద నూగు,
వేళ్ళు దాటి వేలాడే చేతులు.
ఎక్కడిదంటే
రెండు ఉల్లిపాయలిచ్చి కొన్నానన్నాడు.
చంకలో నా గోధుమరంగు కుట్టు, చెక్కుచెదరలేదు.
కాలరు కింద ఉతికినా పోని మరక.
బ్లాక్‌బెర్రీ రసం అన్నాడు కుర్రాడు.
మా వైపు అవి జూన్ దాటితేగానీ పండవు.

చేతులు కురచ చెయ్యమన్నాడు. చేశాను.
కత్తిరించిన ముక్కలు రెండూ
పెట్టెలో ఎక్కడో ఉన్నాయి.

మర్నాడు మంగళవారం.
గుడ్లు ఆరు.
ఒకటి పగిలింది.