వినలేదు

భీమవరంలో మూడో అంతస్తు.
కింద మందుల షాపు, దాన్నానుకుని రొయ్యల మేత డీలరు.
మెట్లెక్కుతుంటే రెండు వాసనలూ ఒకటైపోతాయి.

"సువార్త ఎవరమ్మా?" అంటుంది నర్సు.
నేనే.
ఆ పేరు పిలిచినప్పుడల్లా
బెంచీ మీద ఆడవాళ్లందరూ ఒక్కసారి తలెత్తుతారు.

డాక్టరు మాధవీలత గారు మంచావిడే.
బొమ్మ గీసి, పెన్ను మూతతో చూపించి మరీ చెప్పింది:
రెండు పిండాలున్నాయి, రెండూ వేసేద్దాం,
ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది.
ముప్పై ఎనిమిది నీకు. మళ్లీ రావాలంటే డబ్బెక్కడ తెస్తావు?

నిజమే. ఎక్కడా లేదు.
ఏసుపాదం ఆటో ఇప్పటికే తాకట్టులో ఉంది.

ఒక్కటే వెయ్యండి మేడమ్, అన్నాను.
రెండోది ఫ్రీజ్ చేసి ఉంచండి. అద్దె ఎంతో చెప్పండి, కడతాను.

ఆవిడ నవ్వింది. వెక్కిరింత కాదు,
పొద్దుట్నుంచీ నలభైమందిని చూసిన నవ్వు.
"ఎవరు చెప్పారు నీకిలా?"

ఎవరూ చెప్పలేదు.
పేరుపాలెం హేచరీలో పదకొండేళ్లు
తెల్ల బేసిన్లో రొయ్యపిల్లని లెక్కపెట్టాను.
కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది ఒక్కోటి.
చెరువు మొయ్యలేనంత వేసినవాడు
తెల్లారగట్ట గట్టు మీద ఎలా కూలబడతాడో చూశాను.

"నువ్వు చెరువువి కాదు కదమ్మా" అంది.
అదీ నిజమే.

చెప్పనిది వేరే ఉంది.
మా అక్క. ఏలూరు ఆసుపత్రి. ఆరో నెల దాటిన పదో రోజు.
ఇద్దరూ మగపిల్లలే.
ఒక్క తువ్వాల్లో ఇద్దరూ సరిపోయారు.
ఆ తువ్వాలుని అక్క ఇప్పటికీ ఉతికి ఆరేస్తుంది,
వాడదు.

ఏసుపాదం గోడ మీది పాప బొమ్మనే చూస్తూ
"రెండు వేస్తే నయం కదా" అన్నాడు, నాకు కాదు, ఆవిడకి.
నేనతని వైపు తిరగలేదు.

చివరికి కాగితం నా ముందుకి జరిపింది.
కింద సంతకం చెయ్యాలట.
పైన చేత్తో రాసుంది: పేషెంటు సలహా వినలేదు.

విన్నానండి.
శాతాలు విన్నాను, రేట్లు విన్నాను,
నా వయసు చెప్పేటప్పుడు మీ గొంతు తగ్గడం కూడా విన్నాను.
ఆ మాట కొట్టేసి రాయండి:
విన్నది. వద్దంది.

ఆవిడ పెన్ను మూత తీసి
కాసేపు అలాగే పట్టుకుంది.
"విన్నది" అని రాసింది.
ఆగింది.

కింద మేత బస్తాలు దింపుతున్న చప్పుడు,
ఒకటి, ఇంకొకటి.
నేను కూర్చునే ఉన్నాను
మిగిలిన ఆ ఒక్క మాట కోసం.