చెక్కుబందీ

మా నాన్న పోలినాయుడు
కోట వీధిలో దస్తావేజు లేఖరి.
నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల నేలని అక్షరాల్లో కొలిచాడు.
తూర్పు: బోని వారి గోడ. దక్షిణం: మురుక్కాలవ.
పడమర: రస్తా. ఉత్తరం: అమ్మినవారు ఉంచుకున్న జాగా.
ఈ నాలుగింటి మధ్య ఉన్నదే దావాకి నిలబడేది.

నేను ఋషికొండ మీద, అద్దాల మేడలో,
రాత్రి పన్నెండు నుంచి.
ఆ దేశం పేరు చెప్పకూడదు, సంతకం పెట్టాను.
అక్కడెవరో ఫోన్లో తీసినవి నా తెర మీదికొస్తాయి.
ఎక్కడ తీశారో ముందు తేల్చాలి.
తూర్పు: రొట్టెల కొట్టు, షట్టరు సగం దించి ఉంది.
దక్షిణం: నీళ్ల ట్యాంకు, ఒక కాలు విరిగింది.
పడమర: బడి.
ఉత్తరం: పొగ. అక్కడేముండేదో
పాత ఉపగ్రహ చిత్రంలో వెతకాలి.
మధ్యలో ఉన్నదాన్ని రాయను.
అది ఫైల్లో ఉంది.

తర్వాత దాని వేలిముద్ర తీస్తాం,
అరవై నాలుగు అక్షరాలూ అంకెలూ, నోరు తిరగవు.
బ్లాక్‌చెయిన్‌లో వేస్తాం.
ముందరి దాని ముద్ర తర్వాతి దాని కడుపులో,
దాని ముద్ర ఆ తర్వాతి దాని కడుపులో.
నాన్నకి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు.
"లింకు డాక్యుమెంట్లే కదమ్మా" అన్నాడు.
"ఒకదాంట్లో ఏలెడితే పైవేవీ చెల్లవు."
అంతే నాన్నా, కాకపోతే ఆ కట్ట నకళ్లు వేల ఊళ్లలో ఉంటాయి,
ఏ గుమాస్తా మాయం చెయ్యలేడు, అన్నాను.
పక్కున నవ్వాడు.
ఏ రికార్డు గదికి ఏ రాత్రి నిప్పంటుకుందో గుర్తొచ్చినట్టుంది.

"మరి సాచ్చులెవరు?"
వేల మెషిన్లు.
"సూసినాయా అవి?"

అన్నం కలుపుతూ ఉండిపోయాను.

చూడవు.
గొలుసుకి నిజం తెలీదు, అబద్ధం తెలీదు.
పెట్టింది పెట్టినట్టుందని మాత్రం చెబుతుంది.
అబద్ధం పెడితే దాన్నీ అంత పదిలంగానూ కాస్తుంది.
చూసింది అక్కడ ఫోను పట్టుకున్న చెయ్యి,
ఇక్కడ నేను.
ఇద్దరం. చట్టానికి చాలుతుందేమో.

మొన్న గురువారం వచ్చినదాంట్లో
ఒకావిడ పడి ఉంది. బట్ట మోకాళ్ల పైకి తొలగి ఉంది.
నాలుగు సెకన్లు.
మసక చేసే మీట నా వేలి కిందే ఉంది.
ఎవరింటి మనిషైనా
మనం ముందు చేసేది గుడ్డ సర్దడమే కదా.
నకలులో కప్పొచ్చు. అసలులో కప్పకూడదు.
ఒక్క చుక్క మారితే ముద్ర మొత్తం వేరేదైపోతుంది.
రేపెప్పుడో ఒక ప్లీడరు లేచి
ఇది ఆ ఫైలు కాదంటాడు,
అన్నది నిజమే అవుతుంది కూడా.
సర్దలేదు.
ఆవిడనలాగే ఉంచేశాను, ఈ గొలుసున్నంత కాలం.

నాన్న ప్రతి దస్తావేజు చివరా రాసేవాడు,
ఇందులో కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు.
చిన్నప్పుడు అది తన దస్తూరీ గురించిన గొప్ప అనుకునేదాన్ని.

తెల్లారి షిఫ్టు దిగితే
పక్క సీటు హేమసుందరి టీ ఇప్పించింది.
ఇద్దరం చేపల రేట్ల గురించి మాట్లాడుకున్నాం.
ఇంటికొచ్చేసరికి దండెం మీద బట్టల నిండా పోర్టు బొగ్గు నుసి.
రోజూ దులుపుతాం, రోజూ పడుతుంది.
"ఇయ్యాల ఎన్ని రిజిస్టరయ్యాయి?" మంచం మీంచే అడిగాడు.
పదకొండు.
పంపే మనిషి రెండ్రోజులుగా
ఏమీ పంపలేదని చెప్పలేదు.

సంతకం రానివాళ్లు ముద్ర వేశాక తుడుచుకోడానికి
నాన్న బల్ల మీద గుడ్డ ఉండేది కాదు.
సిరా బొటనవేలిని తలకి రాసుకుని
ఎండలోకి వెళ్లిపోయేవాళ్లు.
దండెం దగ్గర నిలబడి,
నా చెయ్యి శుభ్రంగానే ఉన్నా,
వేలు జుట్టుకి తుడుచుకున్నాను.