ఆరో బోర్డు

అయిదింటికి పార్కు గేటు తీస్తారు.
నాలుగున్నరకే వచ్చి
బోర్డుల మీద కాకిరెట్టలు తుడుస్తా.
ఆకుపచ్చ చొక్కా కార్పొరేషనోళ్ళది.
జేబు మీద 'పర్యావరణ మిత్ర',
జేబులో బీడీకట్ట.
తాగను, వాసన చూస్తా అంతే.

మొదటి బోర్డు: భూమి వేడెక్కుతోంది.
రెండోదాంట్లో తెల్ల ఎలుగుబంటి,
దాని కాళ్ళ కింద చాపంత మంచు.
నెల్లూరు మే నెలలో దాన్ని చూస్తే
నాకే దాహమేస్తుంది.
మూడోది కర్బన పాదముద్ర.
అది చదివి మొన్నొకాయన
చెప్పు తిరగేసి చూసుకున్నాడు.
నాలుగోది గన్నేరు పొదల వెనక, ఎవరికీ కనపడదు.

నడిచేవాళ్ళు నడుస్తానే ఉంటారు.
ఏడో రౌండులో ఉన్న మనిషిని ఆపి
ప్రళయం గురించి చెప్పడం మర్యాద కాదు.
రిటైరైన లైన్‌మాన్ మాలకొండయ్య మాత్రం
రౌండుకో మాట విసిరి పోతాడు:
"ఏం మస్తానయ్యా, చల్లబడిందా లోకం?"

ఆరో బోర్డు మీద ఏమీ లేదు.
నవంబరు వానకి రంగు కారిపోయింది,
కాంట్రాక్టరుకి బిల్లు చేరిపోయింది.
తెల్ల రేకు. అడుగున కంపెనీ పేరొకటే మిగిలింది.
సముద్రం ఒడ్డున వాళ్ళ పొగగొట్టం ఎంత గట్టిదో
ఆ అక్షరాలూ అంత గట్టివి.

విచిత్రం, జనం దాని ముందే ఆగుతారు.
"ఇందులో ఏముండేదయ్యా?"

ఏముండేదో నాకూ గుర్తు లేదు.
అందుకని ఇస్కపల్లి సంగతి చెప్తా.

మాది ఉప్పు పండించే ఇల్లు.
అందరూ ఎండని తిట్టుకుంటే
మేం ఎండకి దణ్ణం పెట్టేవాళ్ళం.
మడిలో సముద్రాన్ని నిలబెట్టి
మీగడ కట్టినట్టు తెల్లపొర లేచే రోజుల్లో
మా అయ్య గొంతు తగ్గించేవాడు,
గట్టిగా మాట్లాడితే మబ్బు వింటుందని.

"మరి ఎండలు ముదిరితే మీకు లాభమే కదా?"
అంది ఒకామె, చేతిలో టిఫిను క్యారియరు.

అదే అనుకున్నామమ్మా మేమూ.
ఆ ఏడు ఎండ మండింది, నిజమే.
ఏప్రిల్లో పన్నెండు మళ్ళూ నిండుగా ఉన్నాయి.
రాత్రి రెండింటికి వాన.
ఏ కార్తెకీ చెందని వాన.
దొంగ ఎత్తుకుపోతే జాడైనా ఉంటుంది.
ఉప్పు ఎక్కడికీ పోలేదు,
ఉన్నచోటే ఉండి లేకుండా పోయింది.
తెల్లారి మా అయ్య నీళ్ళలో వేలు ముంచి, నాకి
"ఉండాదిరా, ఇందులోనే ఉండాది" అన్నాడు.
మూడేళ్ళు అదే మాట.
నాలుగో ఏడు మళ్ళు రొయ్యలకిచ్చేశాం.

ఎవరూ కదల్లేదు.
క్యారియరామె అడిగింది,
"అయితే మేమేం చెయ్యాల?"

దానికి జవాబు అయిదో బోర్డులో ఉంది:
గుడ్డసంచి, ఆపిన లైటు, కట్టేసిన కుళాయి.
అబద్ధమేం కాదు.
పన్నెండు మళ్ళ పక్కన పెట్టి చెప్పాలంటే మాత్రం
నోరు ఉప్పగా అయింది.
"తెలీదమ్మా" అన్నా.
ఈ చొక్కా వేసుకుని అనకూడని మాట అది.

మర్నాడు మాలకొండయ్య నడవలేదు.
స్పానరు పట్టుకుని గొంతుక్కూచుని
ఏడాదిగా కారే పార్కు కుళాయికి
వాషరు మారుస్తా ఉన్నాడు.
"లోకం కోసం కాదులే,
ఆ టపటప నాకు పడదు" అన్నాడు,
నా మొహం చూడకుండా.

నిన్న పెయింటరు వచ్చాడు, డబ్బాలతో.
"ఆరోదాని మీద ఏం రాయాల?"
ఆఫీసోళ్ళిచ్చిన కాగితం నా దగ్గరే ఉంది.
బీడీకట్ట పక్కన ఇంకో మడత పెట్టి
"ఒక వారం ఆగబ్బా" అన్నా.